ఆప్టోమెట్రీ కాలేజీకి మన పిల్లల అప్లికేషన్ ఎంత గట్టిది? ముందే తేల్చుకోవడం ఎలా?

డల్లాస్ శివార్లలో పదమూడేళ్లుగా ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. గుడిలో ప్రసాదం క్యూలోనో, ఎవరింట్లోనో పుట్టినరోజు భోజనాల దగ్గరో ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతూ ఉంటారు: "మా అమ్మాయికి 3.6 ఉందండీ, సీటు వస్తుందంటారా?" ఒక్క అంకె చెప్పి జవాబు కోసం నా మొహంలోకి చూస్తారు.

నాలుగేళ్ల క్రితం ఒక తల్లికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "తప్పకుండా వస్తుంది, భయపడకండి" అనేశాను. ఆ అమ్మాయి జీపీఏ 3.7. చలాకీ పిల్ల, నన్ను చిన్నప్పటి నుంచీ ఆంటీ అని పిలిచేది. ఫిబ్రవరిలో మూడు పేరున్న కాలేజీలకు అప్లై చేసింది. మే నెల వచ్చేసరికి మూడింటి నుంచీ లేదన్నారు. ఆ పిల్ల అప్పటికే 21 దాటి హెచ్-4 నుంచి ఎఫ్-1కి మారి ఉంది. డిగ్రీ అయిపోతోంది, ముందు చదువు లేదు, చేతిలో వీసా గడువు ఉంది. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి నిష్టూరంగా ఒక్క మాట కూడా అనలేదు. "మీరు వస్తుందన్నారు కదక్కా, అందుకే వేరే ఏమీ చూసుకోలేదు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ తర్వాతే ఆ అమ్మాయి ఫైలు మొత్తం ముందేసుకుని చదివాను. ముందే చదివి ఉంటే ఆ రోజు అంత ధీమాగా మాట్లాడేదాన్ని కాదు. ఏ భాగాన్ని ఎలా చూడాలో అప్పుడు రాసుకున్నదే ఈ వ్యాసం. అమెరికాలో ఆప్టోమెట్రీ చదవాలనుకునే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఇక్కడ పంచుకుంటున్నాను.

ముందుగా, ఇది ఏ చదువు?

మన ఊళ్లో కంటి డాక్టర్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ చేసి ఆపరేషన్లు చేసే డాక్టరు. అమెరికాలో ఆయన ఆఫ్తల్మాలజిస్టు. ఆప్టోమెట్రిస్టు వేరు. డిగ్రీ తర్వాత నాలుగేళ్ల ఓడీ కోర్సు చదివి, జాతీయ బోర్డు పరీక్షలు రాసి, రాష్ట్ర లైసెన్సు తీసుకున్నవారు. కంటి పరీక్ష, అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, గ్లకోమా లాంటి జబ్బులకు మందులు, షుగర్ పేషెంట్ల రెటీనా గమనించడం, ఇవన్నీ మా పనే. ఏది చేయవచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఓక్లహోమాలో 1998 నుంచీ, కెంటకీలో 2011 నుంచీ కొన్ని లేజర్ చికిత్సలకు కూడా ఆప్టోమెట్రిస్టులకు అనుమతి ఉంది. చాలా రాష్ట్రాల్లో లేదు.

ఇండియాలో బీఆప్టోమ్ చేసి వచ్చినవారు ఆ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసు చేయలేరు. అమెరికాలో గుర్తింపు ఉన్న కాలేజీలోనే ఓడీ చేయాలి. కొన్ని కాలేజీలు అలాంటివారి కోసం నాలుగేళ్ల కన్నా తక్కువ కాలంలో ముగిసే మార్గం పెట్టాయి. దాని నిబంధనలు వేరు, అది ఈ వ్యాసంలో చెప్పడం లేదు.

దేశం మొత్తం మీద ఓడీ కాలేజీలు పాతిక దరిదాపుల్లోనే. టెక్సాస్‌లో హ్యూస్టన్ యూనివర్సిటీలో ఒకటి, శాన్ ఆంటోనియోలో రోజెన్‌బర్గ్ ఒకటి ఉన్నాయి. బర్కిలీ, ఒహాయో స్టేట్, ఇండియానా, బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ, న్యూయార్క్‌లోని సునీ లాంటివి ప్రభుత్వ సంస్థలు. షికాగోలోని ఐసీఓ, బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజీ, మెంఫిస్‌లోని సదరన్ కాలేజీ లాంటివి ప్రైవేటువి. అన్నింటికీ ఆప్టమ్‌క్యాస్ అనే ఒకే ఆన్‌లైన్ అప్లికేషన్ ద్వారా దరఖాస్తు చేయాలి.

మెడికల్ కాలేజీలతో పోలిస్తే ఇక్కడ సీటుకు పోటీపడేవారు తక్కువ. అది నిజమే. ఆ నిజమే మన వాళ్లను మోసం చేస్తుంది. "మెడిసిన్ రాకపోతే ఇది ఉందిగా" అన్న ధీమాతో అప్లికేషన్‌ను తేలిగ్గా తీసుకుంటారు. నేనూ ఆ రోజు అదే ధీమాతో మాట్లాడాను.

జీపీఏ: మీ కాలేజీ చెప్పేది ఒకటి, అప్లికేషన్‌లో కనిపించేది ఇంకొకటి

మొదటి దెబ్బ మాకు ఇక్కడే తగిలింది. ఆ అమ్మాయి ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఒకసారి, ఫిజిక్స్‌లో ఒకసారి సీ తెచ్చుకుంది. రెండూ మళ్లీ చదివి ఏ తెచ్చుకుంది. వాళ్ల కాలేజీ పాత గ్రేడు తీసేసి కొత్తది లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే 3.7. ఆప్టమ్‌క్యాస్ అలా చేయదు. చదివిన ప్రతిసారీ వచ్చిన గ్రేడు లెక్కలోకి వస్తుంది. ఆమెకు 110 క్రెడిట్లు 3.7తో ఉన్నాయి అనుకుందాం. వాటికి పాత 8 క్రెడిట్ల సీ గ్రేడులు కలిపితే సగటు సుమారు 3.58కి దిగుతుంది. అది చెడ్డ అంకె కాదు. కానీ మేం అనుకున్న అంకె అది కాదు, మేం ఎంచుకున్న కాలేజీలు ఆ పాత అంకె చూసి ఎంచుకున్నవి.

కాబట్టి మొదటి పని: పిల్లలు చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్టూ తెప్పించండి. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఒక్క కోర్సు ఉన్నా సరే, హైస్కూల్లో చేసిన డ్యూయల్ క్రెడిట్ అయినా సరే. అన్ని గ్రేడులూ కలిపి మీరే లెక్క వేయండి. మొత్తం సగటు ఒకటి, సైన్సు కోర్సుల సగటు ఇంకొకటి. రెండో దాన్ని కమిటీలు జాగ్రత్తగా చూస్తాయి.

అంకెతో పాటు దిశ కూడా చూడండి. మొదటి ఏడాది 3.0 ఉండి చివరి రెండేళ్లు 3.7 ఉన్న పిల్లాడు, మొదట 3.8 ఉండి చివర 3.1కి దిగినవాడి కన్నా గట్టివాడు. ఇద్దరి సగటూ దగ్గరదగ్గరగానే ఉండవచ్చు.

సగటు తక్కువగా ఉన్నవాళ్లు "ఇంకో సెమిస్టర్ చదివి పెంచేస్తాను" అంటారు. అది అంత తొందరగా పెరగదు. 120 క్రెడిట్లు 3.2తో ఉన్నవారు మరో 30 క్రెడిట్లు, అంటే నిండుగా ఏడాది, అన్నీ ఏ తెచ్చుకున్నా 3.36కే చేరతారు. ఆ ఏడాది వృథా అని కాదు. కఠినమైన సైన్సు కోర్సుల్లో వరుసగా ఏ గ్రేడులు కమిటీకి ధైర్యం ఇస్తాయి. కానీ అంకె మీదే ఆశ పెట్టుకుంటే నిరాశే.

ప్రీరిక్విజిట్లు: ఏపీ క్రెడిట్ల దగ్గర జాగ్రత్త

బయాలజీ, మైక్రోబయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్, సైకాలజీ, ఇంగ్లిష్. చాలా కాలేజీల జాబితాలో ఇవి ఉంటాయి. అనాటమీ, ఫిజియాలజీ కొన్ని తప్పనిసరి అంటాయి, కొన్ని చదివితే మంచిదంటాయి. బయాలజీ చదివే పిల్లలు ఎక్కువగా మరిచిపోయేవి స్టాటిస్టిక్స్, సైకాలజీ. ఇంజినీరింగ్ నుంచి వచ్చేవారికి మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ మిగిలిపోతాయి.

మన పిల్లలకు ప్రత్యేకంగా ఉండే సమస్య ఏపీ. హైస్కూల్లో ఎనిమిది, పది ఏపీలు రాసి కాలేజీలో ఏడాది ముందుకు దూకేస్తారు. ఆ క్రెడిట్‌ను కొన్ని ఆప్టోమెట్రీ కాలేజీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, కొన్ని "అదే సబ్జెక్టులో పై స్థాయి కోర్సు చదివితే సరే" అంటాయి. ఆన్‌లైన్ ల్యాబుల సంగతీ అంతే. అందుకే ఒక కాగితం మీద నిలువుగా కోర్సుల పేర్లు, అడ్డంగా కాలేజీల పేర్లు రాసి ప్రతి గడీ నింపండి. అనుమానం ఉన్న చోట అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాసి జవాబు దాచుకోండి. ఫోన్లో విన్న మాట రేపు పనికిరాదు.

ఇంకో మంచి సంగతి. బ్యాచిలర్స్ పూర్తి కాకుండానే 90 క్రెడిట్లతో తీసుకునే కాలేజీలూ కొన్ని ఉన్నాయి. డిగ్రీ కాలేజీతో ఒప్పందం పెట్టుకుని మూడేళ్లు ఇక్కడ, నాలుగేళ్లు అక్కడ అనే ఏర్పాట్లూ ఉన్నాయి. ఒక ఏడాది ఫీజు మిగులుతుంది. అయితే బ్యాచిలర్స్ ఉంటేనే బాగా చూసే కాలేజీలు ఎక్కువ.

ఓఏటీ: సగటు కింద దాక్కున్న సబ్జెక్టు

ఓఏటీ అంటే ఆప్టోమెట్రీ అడ్మిషన్ టెస్ట్. బయాలజీ 40 ప్రశ్నలు, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ 30, ఈ మూడూ కలిపి 90 నిమిషాల్లో. ఆ తర్వాత రీడింగ్, ఫిజిక్స్, లెక్కలు. ఒక్కో దానికి 200 నుంచి 400 మధ్య స్కోరు. 300 దగ్గర ఉంటే రాసిన వాళ్లలో మధ్యలో ఉన్నట్టు. ఆరింటి సగటే అకడమిక్ యావరేజ్. కొన్ని కాలేజీలు దీని బదులు జీఆర్‌ఈ, ఎంక్యాట్ లాంటి పరీక్షల స్కోర్లు కూడా ఒప్పుకుంటాయి.

మా అమ్మాయి మొదటిసారి స్కోర్లు చూడండి. లెక్కలు 320, రీడింగ్ 310, ఫిజిక్స్ 260, బయాలజీ 330, జనరల్ కెమిస్ట్రీ 330, ఆర్గానిక్ 310. సగటు 310. నాకు అందరూ చెప్పింది 310 అనే. 260 అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఓడీ మొదటి ఏడాదిలోనే కాంతి వంగడం, లెన్సులు, కంటిలో బింబం ఏర్పడటం, అంటే ఆప్టిక్స్ గట్టిగా ఉంటుంది. ఫిజిక్స్‌లో 260, దానికి తోడు కాలేజీలో ఫిజిక్స్‌లో ఒకసారి సీ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన కమిటీకి వచ్చే అనుమానం ఒకటే: ఈ పిల్ల మొదటి ఏడాది గట్టెక్కుతుందా? ఆ అనుమానం సబబే.

అందుకే స్కోరు చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. సగటు ఎంత? అన్నిటికన్నా తక్కువ వచ్చిన సబ్జెక్టు ఏది, అది 300కి ఎంత దూరంలో ఉంది? ఆ బలహీనత గ్రేడుల్లోనూ కనిపిస్తోందా? రెండు చోట్లా కనిపిస్తే మళ్లీ రాయాల్సిందే. ఒక్క చోటే కనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. గ్రేడులు బాగుండి పరీక్ష రోజు మాత్రమే తడబడినవారికి మరోసారి రాయడం వల్ల లాభం ఎక్కువ. అయితే పాత స్కోర్లు కూడా కాలేజీలకు కనిపిస్తాయి. తయారవకుండా "ఒకసారి రాసి చూద్దాం" అని వెళ్లకండి.

షాడోయింగ్: గంటలకన్నా రకాలు ముఖ్యం

ఆ అమ్మాయి మా క్లినిక్‌లో ఒక శనివారం ఎనిమిది గంటలు కూర్చుంది. అంతే. నేను దాన్ని షాడోయింగ్ అని సంతకం పెట్టాను. ఇప్పుడైతే పెట్టను.

కొన్ని కాలేజీలు కనీస గంటలు చెబుతాయి, కొన్ని చెప్పవు. చెప్పని చోట నా సలహా ఇది: కనీసం మూడు రకాల చోట్ల చూడాలి. సొంత ప్రాక్టీసు ఒకటి, అద్దాల షాపులకు అనుబంధంగా ఉండే క్లినిక్ ఒకటి, ఆసుపత్రి లేదా పిల్లల కంటి చికిత్స లేదా చూపు బాగా తగ్గినవారికి సాయం చేసే లో విజన్ క్లినిక్ ఒకటి. అన్నీ కలిపి నలభై, యాభై గంటలైనా ఉంటే పిల్లలకు చెప్పడానికి సొంత మాటలు దొరుకుతాయి. అంతకన్నా మంచిది టెక్నీషియన్ ఉద్యోగం. ఆటోరిఫ్రాక్టర్ దగ్గర పేషెంటును కూర్చోబెట్టడం, లెన్సోమీటర్‌తో పాత అద్దాల పవర్ చూడటం, కోపంగా ఉన్న పెద్దాయనను సముదాయించి విజువల్ ఫీల్డ్ టెస్ట్ పూర్తి చేయించడం. ఇవి ఆరు నెలలు చేసిన పిల్లలకు ఈ వృత్తి మీద భ్రమలు ఉండవు.

వేసవిలో హైదరాబాద్ వెళ్లేవారు అక్కడి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట చూసే అవకాశం దొరికితే వదులుకోకండి. పల్లె విజన్ సెంటర్ నుంచి నగరంలోని పెద్ద ఆసుపత్రి దాకా అంచెలంచెలుగా కంటి వైద్యం ఎలా అందుతుందో అక్కడ కనిపిస్తుంది. కానీ ఇక్కడి షాడోయింగ్‌కు అది బదులు కాదు. ఇక్కడ ఆప్టోమెట్రిస్టు రోజు ఎలా గడుస్తుందో చూడాలి.

సిఫారసు లెటర్లు

మన వాళ్లు పెద్ద పేరున్నవారి కోసం వెతుకుతారు. "మాకు తెలిసిన కార్డియాలజిస్టు ఉన్నారు, ఆయన చేత రాయిస్తాం" అంటారు. ఆయనకు పిల్లవాడు పెళ్లిళ్లలో కనిపించడం తప్ప ఇంకేమీ తెలియదు. అలాంటి లెటర్ చదివినవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. పాఠం చెప్పిన సైన్సు ప్రొఫెసర్, దగ్గరుండి చూసిన ఆప్టోమెట్రిస్టు, పనిలో పైవారు. ఈ ముగ్గురు చాలు. చాలా కాలేజీలు ఆప్టోమెట్రిస్టు లెటర్ తప్పనిసరి అంటాయి. అప్లికేషన్ తెరవడానికి రెండు నెలల ముందే అడగాలి. మా అమ్మాయి లెటర్లలో ఒకటి మూడు వారాలు ఆలస్యమైంది. ఫైలు పూర్తికాకపోతే కమిటీ దాకా వెళ్లదు.

ఎస్సే

4,500 అక్షరాలు, ఖాళీలతో కలిపి. అంటే పేజీ పైచిలుకు. నేను చదివిన మన పిల్లల ఎస్సేల్లో సగం "రెండో తరగతిలో అద్దాలు పెట్టుకోగానే చెట్టు ఆకులు విడివిడిగా కనిపించాయి" అని మొదలవుతాయి. నిజమే కావచ్చు. కానీ కమిటీ అది ఎన్నిసార్లు చదివి ఉంటుందో ఊహించండి. అమ్మమ్మ శుక్లాల ఆపరేషన్ కథా అంతే. అది ఆఫ్తల్మాలజిస్టు చేసిన పని.

ఎస్సే బలం చూడటానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. ఆప్టోమెట్రీ అన్న మాట తీసేసి డెంటిస్ట్రీ అని పెట్టి చదవండి. ఎస్సే అలాగే నిలబడితే అది బలహీనం. ఆప్టోమెట్రీకి మాత్రమే సరిపోయే సంగతులు, తాను చూసిన పేషెంటు, తనకు కలిగిన సందేహం, దాని గురించి ఏం తెలుసుకుంది, ఇవి ఉంటే గట్టిది. చెడ్డ గ్రేడుకు కారణం ఉంటే రెండు వాక్యాల్లో చెప్పి వదిలేయాలి. అకడమిక్ ప్రొబేషన్ లాంటివి అడిగిన చోట దాచకూడదు. దాచినది బయటపడితే సీటు వచ్చాక కూడా పోతుంది.

ఎప్పుడు అప్లై చేశారన్నది కూడా బలమే

ఎక్కువ కాలేజీలు రోలింగ్ పద్ధతిలో సీట్లు ఇస్తాయి. ఫైలు పూర్తయిన వరుసలో చూసి, ఇంటర్వ్యూకు పిలిచి, సీట్లు నింపుకుంటూ పోతాయి. అప్లికేషన్ వేసవి మొదట్లో తెరుచుకుంటుంది. చివరి తేదీ చలికాలంలోనో వసంతంలోనో ఉంటుంది. చివరి తేదీకి ముందు పంపితే చాలు అనుకున్నాం మేము. మా ఫైలు వెళ్లేసరికి ఫిబ్రవరి. పైగా ట్రాన్‌స్క్రిప్టులు సరిచూడటానికి కొన్ని వారాలు. అప్పటికి మిగిలిన కొద్ది సీట్లకు మిగిలినవాళ్లందరూ పోటీ.

అదే ఫైలు ఆగస్టులో మధ్యస్థం, ఫిబ్రవరిలో బలహీనం. పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఓఏటీ వేసవి మొదట్లో ముగించండి, ఆగస్టు, సెప్టెంబర్ లోపు ఫైలు పూర్తి చేయండి. స్కోరు పెంచుకోవడం కోసం ఒక నెల ఆగితే ఫరవాలేదు. ఆరు నెలలు ఆగాల్సి వస్తే మరుసటి ఏడాది మొదట్లో పంపడమే మేలు.

ఏ కాలేజీలకు?

బలం అనేది అప్లికేషన్‌కు ఒక్కదానికే ఉండదు, ఏ కాలేజీతో పోల్చి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆప్టోమెట్రీ కాలేజీల సంఘం ప్రతి కాలేజీలో చేరిన విద్యార్థుల సగటు జీపీఏ, ఓఏటీ వివరాలు ప్రచురిస్తుంది. చాలా చోట్ల సగటు జీపీఏ 3.3 నుంచి 3.7 మధ్య, ఓఏటీ 300 నుంచి 340 మధ్య కనిపిస్తుంది. మీ రెండు అంకెలూ ఆ కాలేజీ సగటుకు పైన ఉంటే మంచి అవకాశం. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే మిగతా భాగాలు గట్టిగా ఉండాలి. రెండూ కింద ఉంటే అది ఆశ మాత్రమే. మూడు రకాలూ కలిపి ఆరు నుంచి ఎనిమిది కాలేజీలు పెట్టుకోండి. ప్రభుత్వ కాలేజీ అయితే సొంత రాష్ట్రం వారికి ఎంత మొగ్గు ఇస్తుందో కూడా చూడండి. మేము పెట్టిన మూడూ మూడో రకమే.

తేలిగ్గా సీటు ఇస్తుందని మాత్రం ఏ కాలేజీనీ ఎంచుకోకండి. ప్రతి కాలేజీ తన విద్యార్థులు జాతీయ బోర్డు పరీక్షల్లో ఎంతమంది పాసయ్యారో తమ సైటులో పెట్టాలి. అది చూడండి. నాలుగేళ్లు ఫీజు కట్టి బోర్డు పాసవకపోతే లైసెన్సు రాదు. అప్పు మాత్రం మిగులుతుంది.

ఇంటర్వ్యూ

"మెడిసిన్ ఎందుకు కాదు?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది. ఇంట్లో నాలుగేళ్లు "నీకు మెడిసిన్ రాదు, ఇదైనా చెయ్" అని విన్న పిల్లల మొహంలో జవాబు ముందే కనిపిస్తుంది. ఇది పిల్లల తప్పు కాదు, మనది. మన మాటల్లో ఈ వృత్తి రెండో రకంగా ఉంటే పిల్లలు దాన్ని మొదటి ఇష్టంగా చెప్పలేరు. అప్లికేషన్ బలం పెంచడానికి తల్లిదండ్రులు చేయగలిగిన పనుల్లో ఖర్చు లేనిది ఇదొక్కటే.

డబ్బు, వీసా: ఇవి చివర్లో చూసేవి కావు

ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ల ఫీజు, ఇల్లు, తిండి అన్నీ కలిపి రెండున్నర లక్షల డాలర్లు దాటడం మామూలు. ఆప్టోమెట్రిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి లక్షా ముప్పై వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాసి చూడండి.

2025లో వచ్చిన కొత్త చట్టం వల్ల 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లోన్లు లేవు. ఓడీ లాంటి వృత్తి కోర్సులకు ఫెడరల్ లోను ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 వరకే. మిగతాది సొంతంగానో ప్రైవేటు లోనుగానో చూసుకోవాలి. సిటిజన్లయితే సైన్యం ఇచ్చే హెచ్‌పీఎస్‌పీ స్కాలర్‌షిప్ ఉంది, అది ఆప్టోమెట్రీకీ వర్తిస్తుంది, బదులుగా కొన్నేళ్లు సేవ చేయాలి.

ఎఫ్-1 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ లోను అసలే రాదు. ప్రైవేటు బ్యాంకులు చాలా వరకు సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్నవారి పూచీ అడుగుతాయి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న తల్లిదండ్రులు ఆ పూచీ ఇవ్వలేరు. వీసా మీద ఉన్నవారిని తీసుకుంటారా, తీసుకుంటే ఏ ఫీజు కడతారు అని ప్రతి కాలేజీని ముందే అడగండి. సీటు వచ్చాక అడిగితే వారాలే మిగులుతాయి.

సీటు రాకపోతే

అదే ఫైలును మళ్లీ పంపడం దండగ. కొన్ని కాలేజీలు అడిగితే ఎక్కడ తక్కువైందో చెబుతాయి. మర్యాదగా మెయిల్ రాయండి. మాకు ఒక కాలేజీ రెండు లైన్లు రాసింది: ఫిజిక్స్, అనుభవం. ఆ అమ్మాయి ఓపీటీ మీద ఒక కంటి క్లినిక్‌లో టెక్నీషియన్‌గా చేరింది. ఫిజిక్స్ మళ్లీ మొదటి నుంచీ చదివి ఓఏటీ రాసింది. ఫిజిక్స్ 320, సగటు 330. ఈసారి ఏడు కాలేజీలు, సెప్టెంబర్ మొదటి వారంలో ఫైలు పూర్తి. ఎస్సేలో అద్దాల కథ తీసేసి, క్లినిక్‌లో తాను డ్రాపులు వేయబోతే భయపడి ఏడ్చిన ఒక చిన్న పిల్లాడి గురించి రాసింది. నాలుగు ఇంటర్వ్యూలు, రెండు సీట్లు. లోనుకు వాళ్ల బాబాయి పూచీ పెట్టారు.

మీ ఫైలు మీరే చూసుకోవడానికి

ఈ పది ప్రశ్నలకూ అవును, కాదు అని రాసుకోండి.

1. అన్ని గ్రేడులూ కలిపి జీపీఏ మీరే లెక్కేశారా?
2. సైన్సు సగటు మొత్తం సగటుకు దగ్గరగా ఉందా?
3. చివరి రెండేళ్లు మొదటి రెండేళ్ల కన్నా మెరుగా?
4. ప్రతి కాలేజీ ప్రీరిక్విజిట్ల పట్టిక నిండిందా?
5. ఓఏటీలో ప్రతి సబ్జెక్టూ 300కి దగ్గరగానో పైనో ఉందా?
6. మూడు రకాల క్లినిక్‌లు చూశారా?
7. లెటర్ రాసేవారికి పిల్లల పని తెలుసా?
8. ఎస్సే డెంటిస్ట్రీ పరీక్షకు నిలిచిందా?
9. సెప్టెంబర్‌లోపు ఫైలు పూర్తవుతుందా?
10. నాలుగేళ్ల ఖర్చు ఎక్కడి నుంచో రాసుకున్నారా?

ఎనిమిదికి అవును అంటే ధైర్యంగా పంపండి. ఐదు, ఆరు అయితే ముందు "కాదు" అన్నవి సరిచేయండి. అంతకన్నా తక్కువైతే ఒక ఏడాది ఆగడం అవమానం కాదు. ఇది నా సొంత లెక్క, ఏ కమిటీదీ కాదు. కానీ ఆ రోజు ఇది నా దగ్గర ఉంటే, ఆ తల్లికి నేను "నాలుగే ఉన్నాయమ్మా, ఆగండి" అని చెప్పి ఉండేదాన్ని.

ఆ అమ్మాయి ఇప్పుడు మూడో ఏడాది. కాలేజీ క్లినిక్‌లో పేషెంట్లను చూస్తూ, బోర్డు మొదటి పరీక్షకు చదువుతోంది. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి "ఆంటీ, ఆప్టిక్స్‌లో ఏ వచ్చింది" అని చెప్పింది. ఆ మాట చెప్పడానికే వచ్చినట్టుంది.

ఇప్పుడు ఎవరైనా "3.6 ఉంది, వస్తుందా?" అని అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పడం మానేశాను. ఫైలు పట్టుకుని ఒక ఆదివారం ఇంటికి రమ్మంటాను. కాఫీ నేను పెడతాను, ట్రాన్‌స్క్రిప్టులు మీరు తెండి.